క్లచ్చి పెడలు కిర్రుమన్నచో

పూర్వము మన గ్రామములలో ఎడ్లబండి కిర్రుమనగానే ఇరుసునకు కందెన పూసెడివారు. నేడు కొలకలూరు పరిసరములందలి చేలలో ట్రాక్టరే దమ్ము చేయుచున్నది. అది కిర్రుమన్నచో మాత్రము మనము వినియు విననట్లుందుము. ఇది తగదు. కృష్ణ పశ్చిమ డెల్టా కాలువలకు నీరు వచ్చిన పిమ్మట సార్వా దమ్ములకు ప్రతి దినమును విలువ గలదియే. అప్పుడు ట్రాక్టరు బురదలో నిలిచిపోయినచో నారు ముదురును. కూలీలు వేరొక చేనికి పోవుదురు. కావున క్లచ్చి పెడలు చేయు చప్పుడును గూర్చి కొంత విన్నవించుచున్నాము.

ఇంజను శక్తిని గేరుపెట్టెకు అందించునదియు, పెడలు తొక్కినప్పుడు ఆ సంబంధమును విడదీయునదియు క్లచ్చియే. పెడలు తొక్కగా దానికి తగిలించిన కడ్డీ కదలును. కడ్డీ లోపలి ఫోర్కును త్రిప్పును. ఫోర్కు రిలీజు బేరింగును ముందునకు నెట్టును. ఈ మార్గమున ఎచ్చటనైనను చప్పుడు పుట్టవచ్చును. రోగమెచ్చటనో తెలియక మందు వేయరాదు.

ట్రాక్టరును చదును నేలపై నిలిపి, గేరు తీసి, చేతిబ్రేకు వేసి, చక్రములకు అడ్డు పెట్టవలెను. మొదట ఇంజను ఆపియే పెడలును మెల్లగా తొక్కి విడువవలెను. మరియొకరు ప్రక్కన నిలిచి చెవియొగ్గి వినవలెను. అప్పుడు కిర్రుమన్నచో దోషము సాధారణముగా వెలుపలనే కలదు: పెడలు తిరుగు బుష్షు ఎండియుండును, లేక కడ్డీ పిన్ను గాని, స్ప్రింగు కొక్కెము గాని రాచుకొనుచుండును.

అప్పుడు చప్పుడు లేకున్నచో, గేరు తీసియుంచియే ఇంజను నడిపి చూడవలెను. తొక్కినప్పుడు మాత్రమే కూత వచ్చినచో రిలీజు బేరింగు చెడినదని అనుమానింపవలెను. పెడలు విడిచియుండగా మ్రోగి, తొక్కినంతనే ఆగినచో దోషము గేరుపెట్టె ముందరి బేరింగునందుండవచ్చును. ఈ రెండును మెకానిక్కు చేయదగిన పనులు. ఇంజను నడచుచుండగా ఎవరును క్రింద చేయి పెట్టరాదు.

వెలుపలి దోషమునకు వైద్యము సులభము. ఇంజను ఆపి, బురదను కడిగి, తడి ఆరనిచ్చి, గ్రీజు నిపిలును గుడ్డతో తుడిచి, గ్రీజు గన్నుతో పాత మురికి గ్రీజు వెలికి వచ్చువరకు ఎక్కింపవలెను. నిపిలు తుడువకున్నచో ఇసుకను మనమే లోపలికి పంపినవారమగుదుము. పిన్నులకును, స్ప్రింగు కొక్కెములకును ఒక్కొక్క చుక్క నూనె చాలును. బుష్షు అరిగి పెడలు అటునిటు ఊగుచున్నచో గ్రీజు పనిచేయదు, బుష్షును మార్పింపవలెను.

ఒకప్పుడు మేమే తొందరపడి, చప్పుడు లోపలిదనుకొని, క్లచ్చి పెట్టెలోనికి నూనె పోసితిమి. నూనె పళ్లెమునకంటి క్లచ్చి జారసాగినది. ఇంజను అరచునే గాని చక్రములు కదలవాయెను. తుదకు ట్రాక్టరును నడుమకు విడదీసి పళ్లెమును మార్పింపవలసి వచ్చినది. గ్రీజుతో పోవలసిన చప్పుడు పెద్ద వ్యయముగా పరిణమించినది. క్లచ్చి పళ్లెమునకు నూనె శత్రువని అందరును గుర్తుంచుకొందురు గాక.

మరియొక మాట. పెడలు తొక్కునప్పుడు మొదట కొంతదూరము తేలికగా దిగవలెను. అనేక ట్రాక్టర్లలో ఈ వదులు ఇంచుమించు అంగుళముండును. సరియైన కొలతకు ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకమే ప్రమాణము. పళ్లెము అరిగినకొలది ఈ వదులు తగ్గును. అది పోయినచో రిలీజు బేరింగు విశ్రాంతి లేక తిరిగి త్వరలో చెడును. దున్నుచున్నంతసేపు పెడలుపై పాదముంచుటవలనను అట్టి హానియే కలుగును. పని లేనప్పుడు పాదమును ప్రక్కన పెట్టుడని డ్రైవరునకు చెప్పవలెను.

దమ్ము చక్రములు బిగించుటకు పూర్వమే ఈ పరీక్ష చేయుడు. దమ్ము దినములలో ప్రతి సాయంకాలమును బురద కడిగి గ్రీజు పెట్టుడు. ఇరుసుకు కందెన మరువని రైతునకు ఇది క్రొత్త పాఠము కాదు.