థంబ్‌నెయిలు దాచుకొనుట

యూట్యూబులో ఒక వీడియోను తెరవకమునుపే మన కంటబడి, వెనుకటి దినములలో సినిమాహాలు గోడమీది వాల్‌పోస్టరు వలె చూపరిని లోనికి రమ్మని పిలుచు నిశ్చలచిత్రమును, అనగా థంబ్‌నెయిలును, తమ ఫోనులోనో కంప్యూటరులోనో భద్రపరచుకొనగోరువారు నేడు పలువురు కలరు. పాఠముల పట్టిక కూర్చు ఉపాధ్యాయునికిని, సమీక్ష వ్రాయు విలేఖరికిని, పాత ప్రసంగములను సేకరించు అభిమానికిని దానితో పని పడుచుండును. ఇందుకొరకు ప్రకటనలతో నిండిన సైట్లును యాప్‌లును కోకొల్లలుగా వెలసినవి కాని, నా మతమున అవి యనావశ్యకములు.

ప్రతి యూట్యూబు వీడియోకును పదునొకండక్షరముల గుర్తు ఒకటి కలదు. షేర్ నొక్కినపుడు వచ్చు పొట్టి లింకులో, చివరి ఏటవాలు గీతకును ప్రశ్నార్థకమునకును నడుమ నుండునది అదియే. బ్రౌజరులో ఆంగ్లలిపిలో 'ఐఎమ్‌జి డాట్ యూట్యూబ్ డాట్ కామ్' అని వ్రాసి, ఏటవాలు గీత పిదప 'వి', 'ఐ' అను రెండక్షరములను, మరియొక గీత పిదప ఆ గుర్తును, మూడవ గీత పిదప 'మ్యాక్స్‌రెస్‌డిఫాల్ట్ డాట్ జేపీజీ' అను పేరును, ఎడము లేకుండ చేర్చినచో, 1280 × 720 పిక్సెళ్ల నిండుచిత్రము తెరపై నిలుచును. వ్రేలు అదిమిపట్టి దానిని సేవ్ చేసికొనవచ్చును. గుర్తులో పెద్దబడి, చిన్నబడి అక్షరములకు భేదము కలదు గావున, చేతితో వ్రాయక కాపీ చేయుటయే క్షేమము. పాత వీడియోలు కొన్నింటికి ఇంతటి చిత్రము లేక బూడిదవన్నె పలక మాత్రము కనబడును; అప్పుడు ఆ పేరును 'హెచ్‌క్యూడిఫాల్ట్ డాట్ జేపీజీ' అని మార్చినచో 480 × 360 చిత్రము లభించును గాని, వెడల్పు వీడియోలకు దాని పైనను క్రిందను నల్లని పట్టీలుండును.

ఇంతకంటె రసవత్తరమైన సంగతి వేరొకటి కలదు. ఆ పేరులో 'డాట్ జేపీజీ'ని అట్లే యుంచి, దాని ముందరి భాగమునకు బదులుగా 1, 2, 3 అను అంకెలలో నొకదానిని ఉంచినయెడల, ఛానలువారు తీర్చిదిద్దిన చిత్రము గాక, యంత్రము వీడియోనుండి తనంతట ఏరుకొనిన దృశ్యములు 120 × 90 పరిమాణమున బయటపడును. ఎఱ్ఱని బాణములును, కనులు పెద్దవి చేసిన ముఖములును, 'షాకింగ్' అను పసుపుపచ్చ అక్షరములును చూచి, ఇరువురు తారలు ఎదురెదుట కలహించుచున్నారని భ్రమించినవాడు, ఈ మూడింటిని చూచినచో, లోపల ఒక వ్యాఖ్యాత కుర్చీలో కూర్చుండి పాత ఫోటోలను చూపుచు మాటలాడుచున్నాడనియే, వీడియో తెరవకయే, తరచుగా గ్రహింపగలడు. ఇట్టి సదుపాయమును వాడుకొనువారు ఇంత అరుదుగా నుండుట నాకు వింతగా తోచును.

థంబ్‌నెయిలును ఛానలువారు ఎన్నడైనను మార్చవచ్చును. ఒకే వీడియోకు మూడింటి వరకు పెట్టి, ఏది చూపరులను ఎక్కువసేపు నిలుపునో పరీక్షించు సాధనమును యూట్యూబే వారికి సమకూర్చినది. చిరునామా అదియే యుండగా చిత్రము మారిపోవును గనుక, లింకును మాత్రము దాచుకొనినవానికి నిన్నటి చిత్రము నేడు దొరకకపోవచ్చును. పరిశోధకులు తేదీ వేసి ప్రతిని దాచుకొనుట మేలు.

దాచుకొనుట వేరు, ప్రకటించుట వేరు. 1957 నాటి భారత కాపీరైటు చట్టములోని 52వ సెక్షను స్వంత అధ్యయనమునకును, విమర్శకును, వర్తమాన వార్తలకును న్యాయమైన మేరకు వాడుకను అనుమతించుచున్నదే గాని, ఒకరి చిత్రమును తన వీడియోకు అతికించి ధనార్జన చేయుటకు ఆ మినహాయింపు నీడ కాజాలదు. పత్రికలో అచ్చువేయదలచినవారు మరియొకటి గమనింపవలెను: అంగుళమునకు 300 చుక్కల ముద్రణలో 1280 పిక్సెళ్లు నాలుగంగుళముల పైచిలుకు వెడల్పునకే చాలును, అంతకు మించినచో ఛానలువారినే మూలచిత్రము అడుగవలెను.