రోము బంగారమును మన కాసులపేరును

భూమిలో దొరకిన పాతనాణెము కంసాలి కుంపటిలో పడినచో మిగులునది బంగారము మాత్రమే. దానిపై నున్న రాజు పేరు, కాలము, దేశము ఆ మంటలోనే మాసిపోవును. ఇందులకు మన సీమయందే యొక నిదర్శనము గలదు.

1786వ సంవత్సరమున నెల్లూరి చెంత నొక రైతు పొలము దున్నుచుండగా నాగలి ఇటుకకట్టునకు తగిలి నిలిచెను. త్రవ్వి చూడగా శిథిలమైన చిన్న దేవాలయమును, దాని క్రింద బంగారు నాణెములు గల చిన్న కుండయు బయల్పడెను. అతడు వానిని పాతబంగారముగా నమ్మివేసెను. పెక్కు నాణెములు కరగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరా పూనుకొనుటచే ముప్పదికి పైబడి మాత్రము దక్కినవి. వానిపై నున్నవి మన రాజుల ముద్రలు కావు; రోము నేలిన త్రాజను, హాడ్రియను చక్రవర్తుల ముఖములును, ఫాస్టీనా యను రాణి ముఖమును. చెన్నపట్టణమున గవర్నరుగా నుండిన అలెగ్జాండరు డేవిడ్సను 1787లో వ్రాసిన లేఖవలన ఈ వృత్తాంతము లోకమునకు తెలిసినది.

సింగరాయకొండవారమగు మన కిది పరాయి కథ కాదు. 1970వరకు మన ఊరును నెల్లూరు జిల్లాలోనిదే. 1889లో వినుకొండయందును 15 రోము బంగారు నాణెములు దొరకినవి.

అంత దూరపు బంగారము ఇచ్చటి కెట్లు వచ్చినది? మన సన్నని నూలుబట్టలకును, మిరియములకును, ముత్యములకును వెలగా ఓడలపై వచ్చినది. భారతము, చీనా, అరేబియా దేశములకు ఏటేట పదికోట్ల సెస్టర్సులు తరలిపోవుచున్నవనియు, తమ స్త్రీల విలాసములకై యింత వ్యయ మగుచున్నదనియు ప్లినీ యను రోము పండితుడు వాపోయెను. నూరు సెస్టర్సు లొక బంగారు నాణెమునకు సమానము. అనగా ఏటికి పదిలక్షల నాణెములు!

ఆ నాణెములు ఇచ్చట స్త్రీల మేనిపై వెలసినవి. నెల్లూరి నాణెములలో కొన్ని టంకసాలనుండి నిన్ననే వచ్చినట్లు మెరయుచుండగా, కొన్నింటికి బెజ్జములుండెననియు, వానిని చేతులకును మెడకును ధరించియుందురనియు డేవిడ్సను వ్రాసెను. అమరకోశమున నిష్కశబ్దమునకు దీనారమనియు, వక్షోభూషణమనియు రెండర్థములును గలవు. దీనారశబ్దము రోమువారి డెనారియస్సునుండి పుట్టినదే. నేటి కాసులపేరు ఈ వాడుకకు చెల్లెలు. నాగార్జునకొండయందు ఇక్ష్వాకుల కాలపు శాసన మొకటి, ఉజ్జయినీ మహారాజు పుత్రికయగు మహాదేవి రుద్రధరభట్టారిక స్తంభము నిలుపుటకై 170 దీనారిమాషకము లొసగినట్లు చెప్పుచున్నది.

ఈ సంగతులను విడివిడిగా దొరకిన తునుకలనుండి పండితులు కూర్చిరి. 1904లో రాబర్టు స్యూయెల్ భారతదేశమున దొరకిన రోము నాణెముల పట్టికను ప్రకటించెను. 1942లో టి. జి. అరవముదన్ చెన్నపట్టణపు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలోని నాణెములను వర్ణించెను. 1989లో పౌలా టర్నరు అను విదుషి ఆ విషయముననే గ్రంథము రచించెను. నాగార్జునసాగర జలములలో మునుగనున్న లోయను 1954 మొదలు 1960 వరకు త్రవ్వి, దొరకిన వస్తువులను కొండమీది ప్రదర్శనశాలకు చేర్చిరి. నేడు పడవపై వెళ్లి ఎల్లరును వానిని చూడవచ్చును.

వారి పని కెల్ల మూలము, నాణెము ఎచ్చట, వేనితో గూడి దొరకినదను సంగతి. కుండలోని నాణెములలో కడపటి చక్రవర్తి యెవడో తెలిసినచో, అంతకు ముందు అది పూడ్చబడలేదని చెప్పవచ్చును. ఒక్క నాణెమైనను వేరైపోయినచో ఆ లెక్క తప్పవచ్చును.

కావున ప్రత్తిచేనిలోగాని, మిరపతోటలోగాని, పునాది త్రవ్వునప్పుడుగాని పాతకుండ దొరకినచో దానిని చింతపండుతో తోమకుడు; పంచుకొనకుడు; కంసాలి కంపకుడు. 1878 నాటి నిక్షేపముల చట్టము ననుసరించి, పదిరూపాయలకు మించిన నిక్షేపము దొరకినవారు కలెక్టరునకు వ్రాసి తెలుపవలెను. ప్రభుత్వము దానిని గైకొన్నచో లోహపు వెలకు తోడు అందులో అయిదవ వంతు అధికముగా నిచ్చునని అందే కలదు. బంగారము దాచు పెట్టె తాళపుచెవి మన కొంగుననే యుండును గదా! ఈ మాట ఇంటి పురుషులకు చెప్పవలసిన భారము మనదే.