ఒకే ఉప్పు.. కొందరికే రక్తపోటు! ఎలుకల్లో తేలిన జన్యు రహస్యం

ఒకే మోతాదులో ఉప్పు తిన్నా కొందరికి రక్తపోటు పెరుగుతుంది, మరికొందరికి పెరగదు. ఈ తేడా వెనుక వంశపారంపర్యత ఉందని ప్రయోగశాల ఎలుకలు స్పష్టంగా చూపాయి.

1960ల తొలినాళ్లలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్త లూయిస్ డాల్ ఎలుకలకు ఉప్పు అధికంగా ఉన్న ఆహారం పెట్టారు. రక్తపోటు పెరిగిన వాటిని, పెరగని వాటిని వేరు చేసి, ఏ గుంపును ఆ గుంపులోనే సంతానోత్పత్తి చేయించారు. కొద్ది తరాల్లోనే ఉప్పుకు లొంగే వంశం ఒకటి, తట్టుకునే వంశం మరొకటి ఏర్పడ్డాయి. తట్టుకునే ఎలుక మూత్రపిండాన్ని లొంగే ఎలుకకు అమర్చగా రక్తపోటు తగ్గింది. దీంతో పరిశోధకుల దృష్టి మూత్రపిండంపై నిలిచింది.

సోడియం ద్వారం

మూత్రపిండాలు వడపోసిన సోడియంలో 99 శాతానికి పైగా తిరిగి రక్తంలోకి చేరుతుంది. చివరి కొద్ది శాతాన్ని నియంత్రించేది ‘ఎపిథీలియల్ సోడియం చానల్’. ఇది కణాల పైపొరలో ఉండే ద్వారం వంటి ప్రొటీన్. ఆల్ఫా, బీటా, గామా అనే మూడు భాగాలతో ఏర్పడే ఈ ప్రొటీన్‌ను ఆల్డోస్టెరాన్ హార్మోను ఉత్తేజపరుస్తుంది. ద్వారాలు అవసరానికి మించి తెరుచుకుంటే శరీరంలో ఉప్పు, నీరు నిలిచి రక్తపోటు పెరుగుతుంది.

మనుషుల్లో అరుదుగా కనిపించే ‘లిడిల్ సిండ్రోమ్’కు కారణం ఇదే. బీటా భాగపు జన్యువులోని మార్పు దీనికి దారితీస్తుందని 1994లో వెల్లడైంది. ఆ మార్పు వల్ల పాత ద్వారాలను తొలగించే ఏర్పాటు దెబ్బతింటుంది.

జన్యువు బాగున్నా..

డాల్ ఎలుకల్లో మాత్రం ఈ చానల్ జన్యువుల్లో లిడిల్ తరహా లోపం కనిపించలేదు. ఉప్పు ఎక్కువైతే చానల్ పని మందగించాలి; లొంగే ఎలుకల్లో అది పెరుగుతోంది. అంటే లోపం ద్వారంలో కాక, దాన్ని అదుపు చేసే వ్యవస్థలో ఉందన్నమాట. ఎలుకల క్రోమోజోముల్లో రక్తపోటుతో ముడిపడిన ప్రాంతాలు అనేకం బయటపడ్డాయి. అధిక రక్తపోటును ఏ ఒక్క జన్యువుకో ఆపాదించలేమని ఇవి సూచిస్తున్నాయి.

రోగులకు ప్రయోజనం

ఈ అవగాహన చికిత్సకు ఉపకరిస్తుంది. చిన్న వయసులోనే అధిక రక్తపోటు, రక్తంలో పొటాషియం తగ్గుదల, కుటుంబంలో ఇదే చరిత్ర ఉంటే వైద్యులు లిడిల్ సిండ్రోమ్‌ను అనుమానిస్తారు. ఈ రోగులకు ఆల్డోస్టెరాన్‌ను అడ్డుకునే మందులు పనిచేయవు. చానల్‌నే మూసే అమిలోరైడ్ పనిచేస్తుంది.

ఎవరి శరీరం ఉప్పుకు లొంగుతుందో చూసి చెప్పలేం. అందుకే పెద్దలు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తీసుకోవాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన అందరికీ వర్తిస్తుంది. పచ్చళ్లు, అప్పడాల్లోని ఉప్పూ ఈ లెక్కలోనిదే.