మెదడుకీ ఒక బ్యాంకు ఉంది, తెలుసా?

ఈరోజు ఎపిసోడ్ ఒక మాత్రతో మొదలుపెడదాం.

మా తాతయ్యకి పార్కిన్సన్స్ ఉండేది. కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. చొక్కా గుండీలు పెట్టుకోడానికి పది నిమిషాలు పట్టేది. లెవోడోపా మాత్ర వేసుకున్న కాసేపటికి మాత్రం ఆయనే లేచి వీధి చివరిదాకా నడిచొచ్చేవారు. ఆ మాత్ర వెనకున్న కథ నాకు చాలా లేటుగా తెలిసింది.

1960లో వియన్నాలో హార్నికీవిచ్, ఎహ్రింగర్ అనే ఇద్దరు ఒక పని చేశారు. పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లనీ, ఆ జబ్బు లేకుండా చనిపోయినవాళ్ల మెదళ్లనీ పోల్చి చూశారు. జబ్బు ఉన్నవాళ్లలో, కదలికల్ని అదుపు చేసే భాగంలో డోపమైన్ అనే రసాయనం బాగా తగ్గిపోయి ఉంది. డోపమైన్‌ని నేరుగా ఇస్తే అది రక్తం నుంచి మెదడులోకి వెళ్లలేదు. లెవోడోపా వెళ్తుంది, వెళ్లి అక్కడ డోపమైన్‌గా మారుతుంది. 1961లో రోగులకి ఇచ్చి చూశారు, కదల్లేనివాళ్లు కదిలారు. అంటే మా తాతయ్య నడక వెనక, ఎప్పుడో చనిపోయిన ఎవరివో మెదళ్లు ఉన్నాయన్నమాట.

ఇప్పుడు మీకు డౌట్ రావాలి. ఎమ్మారై స్కాన్లు ఉన్నాయి కదా, మెదడే ఎందుకు?

స్కాన్ అంటే డ్రోన్‌తో ఊరిని చూసినట్టు. వీధులు కనిపిస్తాయి, ఏ ఇంట్లో ఏం వండుతున్నారో తెలీదు. ఏ కణంలో ఏ జన్యువు పనిచేస్తోంది, ఏ ప్రోటీన్ పేరుకుపోయింది అన్నది చూడాలంటే కణజాలమే కావాలి. లివర్ నుంచి చిన్న ముక్క తీసి టెస్టుకి పంపినంత తేలిగ్గా బతికున్న మనిషి మెదడులోంచి తీయలేం. పోనీ ఎలుకలమీద చూద్దామా? ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నాయా అని ఎలుకని ఎలా అడుగుతాం? స్కిజోఫ్రెనియా, బైపోలార్, డిప్రెషన్ లాంటి వాటికి మనిషి మెదడే కావాలి.

అందుకే బ్రెయిన్ బ్యాంకులు. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్‌లో ఒకటి ఉంది. 1995లో న్యూరోపాథాలజిస్ట్ డాక్టర్ ఎస్.కె. శంకర్ గారి చొరవతో మొదలైంది.

అక్కడ జరిగేది సింపుల్‌గా చెప్తా. మనిషి చనిపోయాక వీలైనంత త్వరగా, మామూలుగా 24 గంటల లోపే మెదడు తీయాలి. ఆలస్యమయ్యేకొద్దీ లోపలి ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు పాడైపోతాయి. మామూలుగా సగాన్ని ఫార్మలిన్‌లో ఉంచుతారు, మైక్రోస్కోప్‌లో చూడ్డానికి. మిగతా సగాన్ని ముక్కలు చేసి మైనస్ 80 డిగ్రీల దగ్గర గడ్డకట్టిస్తారు, రసాయన పరీక్షల కోసం. పేరు తీసేసి కోడ్ నంబర్ ఇస్తారు. రీసెర్చ్ చేసేవాళ్లు అడిగితే చిన్న ముక్క పంపిస్తారు. ఒక్క మెదడు చాలా ప్రాజెక్టులకి సరిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. జబ్బు ఉన్న మెదళ్లు మాత్రమే ఉంటే చాలదు. మామూలు మెదడు ఎలా ఉంటుందో తెలీకపోతే తేడా ఎలా పట్టుకుంటాం? కోడ్‌లో బగ్ వెతకాలంటే సరిగ్గా నడిచే వెర్షన్ పక్కన ఉండాలి కదా, అలాగే. మన దగ్గర అలాంటి మెదళ్లు చాలావరకు రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లవి, కుటుంబం ఒప్పుకున్నాక తీసుకున్నవి. కొడుకు శవం పోస్ట్‌మార్టం గదిలో ఉండగా ఓ తండ్రి సరే అన్నాడంటే, అది ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

అలా ఇచ్చినదాన్ని కాపాడటం కూడా పెద్ద పనే. 2012లో అమెరికాలో, మెక్‌లీన్ ఆసుపత్రిలో ఉన్న హార్వర్డ్ బ్రెయిన్ బ్యాంకులో ఒక ఫ్రీజర్ ఆగిపోయింది. బయట డిస్‌ప్లే మైనస్ 79 అనే చూపిస్తోంది. రెండు అలారాలున్నాయి, రెండూ మోగలేదు. తలుపు తీసి చూస్తే దాదాపు 150 మెదళ్లు కరిగిపోయి ఉన్నాయి. వాటిలో మూడో వంతు ఆటిజం ఉన్నవాళ్లవి. సర్వర్ పడిపోతే నేను బ్యాకప్ నుంచి తెచ్చుకుంటా. దీనికి బ్యాకప్ ఎక్కడుంది?

మరి మనం ఏం చేయొచ్చు? ముందు రెండు అపోహలు తీసేద్దాం. ఒకటి, మెదడుని ఇంకొకరికి అమర్చరు. ఇది పరిశోధనకే. కాబట్టి జీవన్‌దాన్‌లో అవయవ దానానికి పేరిచ్చినంత మాత్రాన ఇది అందులోకి రాదు. మెడికల్ కాలేజీకి దేహదానం కూడా వేరే. రెండు, ముఖం మారదు. తల వెనక వైపు నుంచి తీసి కుట్టేస్తారు, అంత్యక్రియలు మామూలుగానే జరుగుతాయి.

హైదరాబాద్, విజయవాడ వాళ్లకి అసలు చిక్కు దూరం, టైమ్. అందుకే ఇవ్వాలనుకుంటే ముందే బ్యాంకుతో మాట్లాడి, మా ఊరి నుంచి వీలవుతుందా అని అడగండి. అంతకంటే ముఖ్యం, ఇంట్లో చెప్పండి. ఆ రోజు ఫోన్ చేయాల్సింది మీరు కాదు, వాళ్లు.

తాతయ్య పోయినప్పుడు కళ్లు దానం చేశాం. మెదడు సంగతి మాలో ఒక్కరికీ తెలీదు. పోయిన నెల అమ్మతో నా విషయం ఎత్తితే, "ఈ వయసులో ఆ మాటలేంట్రా" అని లేచి వెళ్లిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వంటింట్లోంచే అడిగింది, "ముఖం మారదన్నావు కదా, నిజమేనా?" అని. సరే అని ఇంకా అనలేదు. కానీ అడిగింది.

మీ ఇంట్లో ఈ మాట ఎత్తితే ఏమన్నారో కామెంట్‌లో రాయండి, నేను చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.