పని బరువు - పంపకములో న్యాయము

కృష్ణా డెల్టాలో కాలువ చివరి పొలములకు నీరు చాలకపోవుట కొత్త కాదు. వంతు ఏనాడు వచ్చునో ముందుగా తెలిసి, అది అందరికి ఒకే తీరున జరిగినచో ఆ రైతు ఓర్చుకొనును. రాత్రికి రాత్రి ఎవరో తూము తలుపు ఎత్తినారని తెలిసిననాడు తగవు పుట్టును. నీరు రెండుమారులును తక్కువే.

ఆసుపత్రి డ్యూటీల పంపకములోను ఇట్టి తేడా ఉండును. అది శరీరమునకు కూడ సోకునా?

2020లో విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిని కోవిడ్ ఆసుపత్రిగా మార్చిరి. ఇట్టి బోధనాసుపత్రులలో రాత్రింబవళ్లు వార్డులలో నుండువారు హౌస్ సర్జన్లు, పీజీ విద్యార్థులు. వీరు సగము ఉద్యోగులు, సగము విద్యార్థులు. డ్యూటీ పట్టిక వ్రాయువారే తరచుగా పాఠము చెప్పువారు. పట్టికలో పక్షపాతము కనబడినను నోరు విప్పుట కష్టము. పైగా 2021 ఏప్రిల్ 18న జరుగవలసిన పీజీ ప్రవేశపరీక్ష సెప్టెంబరు 11న జరిగినది. కౌన్సెలింగు 2022 జనవరిలో గాని మొదలు కాలేదు. కొత్త తరగతివారు రాక, వారి పనియు ఉన్నవారిపైననే పడినది. 2021 జూన్ 9న ఆంధ్రప్రదేశ్ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగి, ప్రభుత్వముతో చర్చల పిమ్మట విరమించిరి. వారడిగిన వానిలో బీమా, కోవిడ్ ప్రోత్సాహకము, ఆసుపత్రిలో రక్షణ ఉన్నవి.

పడిన శ్రమకు తగిన ప్రతిఫలము, అనగా జీతము, మన్నన, భద్రత, దక్కనిచో ఆరోగ్యము చెడునని శాస్త్రజ్ఞుడు జోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ప్రతిపాదించెను. వత్తిడి కలిగినపుడు మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును విడుదల చేయును. ఆపద తీరిన పిమ్మట అది తగ్గవలెను. కాని డ్యూటీ ముగిసి పక్కమీద వాలినను "నాకే యెందుకు?" అని మనసు నెమరువేయుచుండిన, శరీరమునకు పని ముగిసినట్లు తోచదు. మొట్టమొదట చెడునది నిద్ర.

ఇక్కడ ఉపాధ్యాయులు విద్యార్థులకు ఒక చిక్కు చూపవచ్చును. అలసినవానికి అన్యాయము ఎక్కువగా కనబడవచ్చును గదా! ఒక్కమారు ప్రశ్నపత్రము నింపించినంత మాత్రమున ఏది కారణమో, ఏది ఫలితమో తేలదు. అందుచేతనే అమెరికా శాస్త్రజ్ఞుడు జెరాల్డ్ గ్రీన్‌బెర్గ్ 2006లో ప్రకటించిన పరిశోధన విలువైనది. నాలుగు ఆసుపత్రులలోని 467 మంది నర్సులను ఆయన పరిశీలించెను. రెండింటిలో జీతపు పద్ధతి మారి నర్సుల రాబడి తగ్గినది. వారికి నిద్రలేమి హెచ్చినది. ఆ రెండింటిలో ఒకచోట పైఅధికారులకు మాత్రము, క్రిందివారితో మర్యాదగా మాట్లాడుట, నిర్ణయములకు కారణము విప్పి చెప్పుట నేర్పిరి. తగ్గిన జీతము తగ్గినట్లే ఉన్నది. అయినను అచ్చటి నర్సులకు నిద్రలేమి రెండవచోట కంటె తక్కువ. ఆరు నెలల తరువాత చూచినను అంతే.