పాత కారు బ్యాటరీకి ఆత్మకూరులో గిరాకీ ఉందా?

2020లో వచ్చిన నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్లది, అంటే కరెంటు బిల్లు లెక్కలో 30 యూనిట్లు. 8 ఏళ్లకో 1.6 లక్షల కిలోమీటర్లకో కంపెనీ హామీ తీరుతుంది. అప్పటికి 70 శాతం సత్తా మిగిలిందనుకుంటే 21 యూనిట్లు. అడుగంటా వాడకూడదు కాబట్టి చేతికొచ్చేది 17. కారుకు చాలదు, పారేయడానికి మనసొప్పదు. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో దీన్ని ఎవరు కొంటారు?

ముందు తట్టేది బోరు. 5 హార్స్‌పవర్ మోటారుకు గంటకు సుమారు 4 యూనిట్లు కావాలి. అంటే ఈ బ్యాటరీతో నడిచేది నాలుగు గంటలు. పగలు 9 గంటలు ఉచిత కరెంటు ఇస్తామని ప్రభుత్వం చెప్పిన చోట రైతు చేత లక్ష రూపాయలు పెట్టించడం అన్యాయమే.

అసలు పోటీ ఇన్వర్టర్ షాపులో ఉంది. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 1.8 యూనిట్లది. సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, కాబట్టి దక్కేది 0.9. ధర 14,000 అనుకుంటే ఒక్కో యూనిట్‌కు 15,500 పడుతుంది. పాత కారు బ్యాటరీని విప్పి, సెల్లు సెల్లూ పరీక్షించి, కొత్త బీఎంఎస్ (సెల్లులను కాపాడే నియంత్రణ సర్క్యూట్) బిగించి యూనిట్ 8,000కు ఇవ్వగలిగితే సగం ధరే.

అయితే కొత్త లిథియం కూడా చౌకవుతోంది. బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ సర్వే ప్రకారం 2025లో కరెంటు నిల్వకు వాడే బ్యాటరీ ప్రపంచ సగటు ధర యూనిట్‌కు 70 డాలర్లు, అంటే 6,000 పైచిలుకు. ఆ టోకు ధర ఆత్మకూరు షాపుదాకా రాదు, నిజమే. కానీ కొత్తది 6,000 సార్లు, పాతది 2,000 సార్లు ఛార్జింగుకు ఆగుతాయనుకుంటే, పాతదాని న్యాయమైన ధర 2,000. రోజూ సోలార్ కరెంటు దాచుకునే ఇంటికి కొత్తదే మేలు. ఎప్పుడో కరెంటు పోయినప్పుడు మాత్రమే వాడే మందుల షాపుకు, జిరాక్స్ సెంటరుకు ఛార్జింగుల లెక్క పట్టదు, చేతి నుంచి పడే సొమ్మే ముఖ్యం. పాతదానికి చోటు అక్కడే ఉంది.

విప్పడం, పరీక్షించడం దగ్గరే లాభం కరిగిపోతుంది. కాలిఫోర్నియా లాంకాస్టర్‌లో బీటూయూ సంస్థ సుమారు 1,300 పాత కారు బ్యాటరీలను విప్పకుండానే కలిపి 25,000 యూనిట్ల నిల్వ కేంద్రం పెట్టింది. షాపు అటకమీదికి ఒక్క బ్యాటరీ చేర్చే వ్యాపారికి ఆ వెసులుబాటు లేదు.

ఇంకొకటి, పాత సీసం బ్యాటరీ తీసుకెళ్తే షాపులో కొత్తదాని ధర తగ్గిస్తారు. లిథియానికి ఊళ్లో ఆ మారకం ఇంకా కుదరలేదు. 2022 ఆగస్టు నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు సేకరణ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ఆ సేకరణ నెల్లూరులో ఆగిపోకుండా ఉదయగిరిదాకా రావాలి. అమ్మేవాళ్లు రెండేళ్ల గ్యారంటీతోపాటు తిరిగి కొనే ధర కూడా రసీదు మీద రాసిచ్చేదాకా, 8,000 అయినా సరే, నేనైతే ఎవరినీ కొనమనను.