రెండో నంబరు రీడా, మూడో నంబరు రీడా?

పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వెళుతూంటే ఏనుగు తొండంలా కిందికి దిగి, మళ్లీ పైకి లేచిన ఒక ఇత్తడి వాయిద్యాన్ని మీరు చూసే ఉంటారు. అదే శాక్సోఫోన్. బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్ దీన్ని తయారుచేసి 1846లో ఫ్రాన్సులో పేటెంటు పొందాడు. ఒళ్లంతా ఇత్తడే అయినా సంగీతజ్ఞులు దీన్ని ట్రంపెట్ వరసలో చేర్చరు. క్లారినెట్ పక్కన, కొయ్య వాయిద్యాల వరసలో చేరుస్తారు. ఎందుకంటే ఇక్కడ నాదానికి మూలం నోటి దగ్గర కట్టిన పలుచని రెల్లు పలక. దాన్ని రీడ్ అంటారు.

రీడ్ పెట్టె మీద 1½, 2, 2½, 3 అంటూ ఒక అంకె ఉంటుంది. నాలుగో తరగతి పాసైతే ఐదో తరగతికి వెళ్లినట్టు, విద్య పెరిగినకొద్దీ ఈ అంకె కూడా పెరగాలని బ్యాండు నేర్చుకునే పిల్లలు చాలామంది అనుకుంటారు. తోటివాడు మూడో నంబరు వాడుతున్నాడని తామూ మూడున్నర కొనేస్తారు. ఊదితే బుస్సుమని గాలి తప్ప స్వరం రాదు. ‘నాకు ఊపిరి చాలదు’ అనుకుని వాయిద్యాన్ని మూలన పెట్టేసినవారూ ఉన్నారు. పాపం, లోపం వాళ్ల ఊపిరితిత్తులది కాదు! హుక్ నియమం చదివిన ఎవరికైనా బోధపడే ఒక చిన్న లెక్కది.

ముందుగా రీడ్ చేసే పని చూద్దాం. కొబ్బరాకు బూర ఊదినప్పుడు దాని సన్నని కొస పెదవుల మధ్య జివ్వుమనడం మీకు తెలుసు. సన్నాయి పీకలో రెండు రేకులు ఒకదానికొకటి తగులుతూ అదురుతాయి. శాక్సోఫోన్‌లో రేకు ఒక్కటే. రెండోదాని పని మౌత్‌పీస్ చేస్తుంది. మౌత్‌పీస్ పక్షి ముక్కులా ఉంటుంది. దాని అడుగు భాగానికి రీడ్‌ను పట్టీతో బిగిస్తారు. ఆ అడుగు భాగం కొసకు వచ్చేసరికి కొద్దిగా వంపు తిరిగి రీడ్‌కు దూరమవుతుంది. అందువల్ల రెండు కొసల మధ్య సన్నని సందు ఏర్పడుతుంది. నేర్చుకునేవారు వాడే ఆల్టో శాక్సోఫోన్ మౌత్‌పీస్‌లో ఈ సందు ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. జాజ్ సంగీతం వాయించేవారి మౌత్‌పీస్‌లలో రెండు మిల్లీమీటర్లు, అంతకు మించి కూడా ఉంటుంది.

మీరు ఊదగానే నోటిలోని పీడనం రీడ్‌ను మౌత్‌పీస్ వైపు నెడుతుంది, సందు మూసుకోబోతుంది. ఇంతలో గొట్టంలోకి వెళ్లిన పీడన తరంగం పరావర్తనం చెంది తిరిగివచ్చి రీడ్‌ను మళ్లీ తెరుస్తుంది. మీరు పలికించే స్వరం పౌనఃపున్యం 440 అయితే ఈ తలుపు సెకనుకు 440 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. తలుపు ఎంత వేగంగా ఆడాలో నిర్ణయించేది ప్రధానంగా గొట్టంలోని గాలి స్తంభం. రీడ్ దాని మాట వినే ద్వారపాలకుడు.

ఇక లెక్క. ఒక ప్లాస్టిక్ స్కేలును బల్ల అంచు నుంచి సగం బయటికి పెట్టి, లోపలి భాగాన్ని గట్టిగా అదిమి పట్టండి. కొసను ఒక సెంటీమీటరు కిందికి వంచడానికి కొంత బలం కావాలి. రెండు సెంటీమీటర్లు వంచాలంటే దానికి రెట్టింపు కావాలి. స్కేలును కొంచెం లోపలికి జరిపితే అది బిరుసెక్కుతుంది. అంతే వంపుకు ఎక్కువ బలం పెట్టాలి. రీడ్ కూడా ఇంతే. అది పూర్తిగా మూసుకోవాలంటే సందు మొత్తాన్ని దాటాలి. కాబట్టి దాన్ని మూసే పీడనం రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుంది: రీడ్ బిరుసుతనం, సందు వెడల్పు.

సందు 1.5, బిరుసుతనం 4 అనుకోండి, లబ్ధం 6. సందును 2కు పెంచితే అదే లబ్ధం రావడానికి బిరుసుతనం 3కు తగ్గాలి. (ఈ 4, 3 లెక్క కోసం తీసుకున్నవే, పెట్టె మీది అంకెలు కావు సుమా!) సందు ఎక్కువగా ఉన్న మౌత్‌పీస్‌కు మెత్తని రీడ్, తక్కువగా ఉన్నదానికి బిరుసు రీడ్ నప్పడంలోని రహస్యం ఇదే.

సరళమైన లెక్క ప్రకారం మూసే పీడనంలో సుమారు మూడోవంతు అందితే గాని నాదం మొదలుకాదు. లబ్ధం మరీ పెద్దదైతే మీ ఊపిరి ఆ మూడోవంతుకు చేరదు. బుస మాత్రమే వినిపిస్తుంది. మరీ చిన్నదైతే కాస్త గట్టిగా ఊదేసరికి తలుపు మూసుకుపోయి, గొంతు నొక్కినట్టు నాదం ఆగిపోతుంది. పై స్వరాలు శ్రుతి తగ్గి పలుకుతాయి.

నాదగుణం కూడా ఇక్కడే మారుతుంది. మెత్తని రీడ్ ప్రతి కంపనంలోనూ కొంతసేపు సందును పూర్తిగా మూసి, గాలిని ఠక్కున తెంచుతుంది. అలా తెంచినప్పుడు అనుస్వరాలు ఎక్కువగా పుట్టి నాదం కంచులా మోగుతుంది. బిరుసు రీడ్ అంత తేలిగ్గా మూసుకోదు. అనుస్వరాలు తగ్గి నాదం గుండ్రంగా ఉంటుంది. అయితే అంతా రీడ్ మహిమే అనుకోకండి. మౌత్‌పీస్ లోపలి కప్పు రీడ్‌కు దగ్గరగా ఉంటే నాదం పదునెక్కుతుంది. లోపల విశాలంగా ఉంటే మృదువవుతుంది.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించేవారు సాధారణంగా సందు తక్కువ, రీడ్ బిరుసు కోరుకుంటారు. జాజ్ వారిలో చాలామంది దీనికి విరుద్ధం. కర్ణాటక సంగీతంలో స్వరం జారాలి, ఊగాలి. కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) ఆ సంగీతాన్ని శాక్సోఫోన్ మీద పలికించి 1994లో లండన్ బీబీసీ ప్రోమ్స్ వేదిక దాకా తీసుకెళ్లారు. రీడ్ మెత్తగా ఉంటే పెదవి ఒత్తిడికి స్వరం ఎక్కువగా వంగుతుంది. గమకాలు నేర్చేవారికి అది లాభం; స్వరం కదలకుండా నిలపాలనుకునేవారికి అదే తలనొప్పి!

మరి ఆ అంకె ఎలా వేస్తారు? రీడ్‌కు వాడేది అరుండో డోనాక్స్ అనే మొక్క. వరి, చెరకు, వెదురులాగా ఇదీ గడ్డి కుటుంబానిదే. దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతం దీనికి పేరుపొందింది. ఒకే రకం రీడ్‌లన్నిటినీ ఒకే ఆకారంలో చెక్కి, తర్వాత ఏది ఎంత వంగుతుందో యంత్రంతో కొలిచి అంకె వేస్తారు. అంటే మూడో నంబరు రెండోదానికన్నా మందమైనది కాదు. దాని రెల్లు బిరుసైనది, అంతే. కంపెనీలన్నిటికీ ఒకే కొలత లేదు కనుక ఒకరి రెండున్నర మరొకరి మూడు కావచ్చు.

కొత్తవారు మామూలు మౌత్‌పీస్‌తో రెండు లేదా రెండున్నర నంబరు రీడ్ వాడితే చాలు. బుస ఎక్కువైతే అర నంబరు దిగండి. నాదం నొక్కుకుపోతే అర నంబరు ఎక్కండి. అయితే ముందు రీడ్‌ను బాగా తడిపి చూడండి. పొడి రీడ్ కొస అలల్లా వంకర తిరిగి సందును సరిగా మూయదు. తడిపినా తేడా మిగిలితే పట్టీ వదులు చేసి, రీడ్‌ను వెంట్రుకవాసి పైకి జరిపితే కొంచెం బిరుసెక్కుతుంది, కిందికి జరిపితే మెత్తబడుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.